తడి తువ్వాలు

జూన్ 4

చిన్నోడికి,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. 'కోల్డ్ స్టోరేజీలో సీనియర్ ఆపరేటర్' అన్న ముక్క దగ్గర ప్రతిసారీ ఆపించి, సీనియర్ అంటే ఎంతమంది మీద అని అడిగింది. ఎనిమిదిమంది మీద అన్నాను. నోటికొచ్చిన అంకె చెప్పాను, అసలు లెక్క నువ్వు రాయి.

ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో ఆరేళ్లు స్క్రూలు తిప్పినవాడివి, ఇంగ్లీషు ఇంటర్వ్యూలో నెగ్గుకొచ్చావంటే అందులో నా వాటా ఎంతో నీ నోటితో నువ్వే చెప్పాలి. ఈ కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. ఇంగ్లీషు రానివాళ్లకి ఇంగ్లీషు, అనుభవం లేనివాళ్లకి అనుభవం అంటగట్టి పంపడం. నా నోటుబుక్కులో నలభై పేజీలున్నాయి, పేజీకొక అనుభవం. నీకిచ్చింది ఎనిమిదో పేజీ. అమ్మోనియా గొట్టం పగిలింది, అందరూ పారిపోతున్నారు, నువ్వు తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని లోపలికెళ్లి వాల్వు కట్టేశావు, ఇద్దర్ని బయటికి లాగావు. అద్దం ముందు నీచేత ముప్పైసార్లు చెప్పించాను. 'పారిపోతున్నారు' దగ్గరికి రాగానే కిసుక్కున నవ్వేవాడివి, నెత్తిన ఒక మొట్టికాయ పడ్డాక మానావు. ఆ పేజీ ఇంతవరకూ ఎవర్నీ ముంచలేదు. తీసుకెళ్లిన ప్రతివాడూ ఉద్యోగంలో చేరాడు.

ఇక ఆ కాగితం చింపెయ్. దాంతో పని అయిపోయింది. ఎవరైనా తవ్వి అడిగితే, చాలాకాలమైంది, సరిగ్గా గుర్తులేదు అను.

అమ్మ మోకాలు అలాగే ఉంది. స్వెట్టరు తీసుకెళ్లలేదని ఆవిడ బెంగ. మంచుగదుల్లో పనికి వెళ్తూ స్వెట్టరు మర్చిపోయినవాణ్ణి సీనియర్ అంటారా అని నా అనుమానం.

పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయి, సైగలతో బతుకుతున్న
మీ అక్క


జూన్ 20

అక్కకి,

అమ్మతో చెప్పు, పదకొండుమంది మీద. నువ్వు ముగ్గుర్ని తక్కువ చేశావు.

ఇక్కడ ఆరు గదులు. ఒక్కోటి మన స్కూలు హాలంత ఉంటుంది. నేలనుంచి కప్పుదాకా పెట్టెలు. బయట ఎండకి చొక్కా తడిసి ముద్దవుతుంది, లోపల రెండు నిమిషాలుంటే మీసం మీద మంచు కడుతుంది. గోడల వెంబడి, కప్పు కింద, ఎక్కడ చూసినా గొట్టాలు. వాటి నిండా అమ్మోనియా. స్వెట్టరు అక్కర్లేదు, బొంతలాంటి కోటు ఇచ్చారు. వేసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేకపోతున్నాను.

కాగితం చింపమన్నావు, చింపాను. కథే నన్ను వదల్లేదు. నన్ను ఇంటర్వ్యూ చేసిన ఇంజనీరమ్మ హెడ్డాఫీసునుంచి తనిఖీకి వచ్చింది. పుట్టిందగ్గర్నుంచి ఇంగ్లీషే మాట్లాడుతున్న మనిషి. సాయంత్రం గెస్టుహౌసు వరండాలో అందర్నీ కూర్చోబెట్టి ఒక ఆట ఆడించింది. వాళ్ల వైపు పదిమంది చేరితే ఇదే ఆడుకుంటారట. స్టోర్సునుంచి నట్లు తెప్పించి మనిషికి పది పంచింది. వంతులవారీగా ఒక్కొక్కరూ జన్మలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చెప్పాలి. ఆ పని చేసినవాళ్లు ఒక నట్టు బల్ల మధ్యకి జరపాలి. ఆఖరికి ఎవరి దగ్గర ఎక్కువ నట్లు మిగిలితే వాళ్లు గెలిచినట్టు. ఏమీ చెయ్యనివాడిదే గెలుపు. మనవాళ్లకి ఇది బొత్తిగా ఎక్కలేదు. మా ఫోర్‌మన్ తన వంతు వచ్చేసరికి మీసం సవరించుకుని, "నేను చెయ్యని పనంటూ లేదండీ" అన్నాడు. ఇంజనీరమ్మ పడీపడీ నవ్వింది.

తన వంతు వచ్చింది. "ఇరవైరెండేళ్ల సర్వీసులో నేనెప్పుడూ గ్యాసు లీకులో లేను" అంది. టీలో చక్కెర వేసుకోను అన్నంత తేలిగ్గా అనేసింది. అందరూ నావైపు తిరిగారు. ఒక నట్టు వేలితో బల్ల మధ్యకి జరిపాను, అంతే. అంత పెద్ద బల్ల మీద ఆ మాటకి ముందుకి జరిగిన నట్టు అదొక్కటే.

తర్వాత ఆవిడ గుచ్చి గుచ్చి అడిగింది. పొగ ఏ రంగు, వాల్వు ఏ చేత్తో తిప్పావు, ఎన్నిసార్లు ఊపిరి పీల్చావు. తెలుపు, ఎడమ చెయ్యి, రెండుసార్లు అన్నాను. ఎడమ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. అసలు ఆ కథ ఎవరిది? నీ బుర్రలో పుట్టిందా, ఎవరికైనా జరిగిందా?

పదకొండుమందికి పెద్ద, నీకు మాత్రం
చిన్నోడు


జూలై 3

చిన్నోడా,

ఆట సంగతి చదివి నవ్వాను, చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఇంగ్లీషువాళ్ల మాటతీరు నేను పాఠాల క్యాసెట్లలో రోజూ వింటూనే ఉంటాను. మనవాణ్ణి ఎవరైనా ఫలానాది చూశావా అని అడిగితే, లేదు అనడానికి ప్రాణం పోతుంది. లేదంటే మాట అక్కడితో తెగిపోయినట్టు, మనిషి తేలిపోయినట్టు. వాళ్లు అలా కాదు. ఎప్పుడూ చూళ్లేదు అని ముందు చెప్పేస్తారు, ఆ తర్వాతే అసలు మాట మొదలుపెడతారు. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణి, ఎటు వెళ్లేవాణ్ణి, ఎందుకు భయపడేవాణ్ణి అని అరగంట మాట్లాడతారు. ఎవరూ ఎగాదిగా చూడరు. పన్నెండేళ్లుగా వాళ్ల మాటలన్నీ నేర్పాను గానీ ఈ ఒక్క అలవాటు నేర్పలేదు. నేర్పానంటే ఇంటర్వ్యూకి ముందే సగం క్లాసు ఖాళీ అవుతుందని మా యజమాని భయం. నాది కూడా అనుకో.

కథ ఎవరిదని అడిగావు. మా క్లాసుకి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడు, మేము ఐసు పెద్దాయన అనేవాళ్లం. ఆయన చెప్పిందే. నాలుగు వారాలు వచ్చి మళ్లీ కనపడలేదు. అంతకుమించి చెప్పడానికేం లేదు.

మళ్లీ ఆ ఆట పెడితే కడుపునొప్పని లేచిపో. లీకు కబుర్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

అమ్మ నీ ఫోటో అడుగుతోంది, కోటు వేసుకుని.

అక్క


జూలై 19

అక్కకి,

ఫోటో పంపుతున్నాను. వెనక గోడమీద కనిపించేది కూడా నా ఫోటోనే. కంగారుపడకు, దండ లేదు. అది నా తువ్వాలు పాఠానికి ఇక్కడివాళ్లు వేయించిన పోస్టరు.

సంగతేమిటంటే, ఇంజనీరమ్మ వెళ్తూ వెళ్తూ నా అనుభవం కొత్తవాళ్లకి చెప్పమంది. దాంతోపాటు ఒక మాట కూడా అంది. "నువ్వు బతికింది అదృష్టం వల్ల. నేనైతే లోపలికి అడుగుపెట్టేదాన్ని కాదు, గాలికి అడ్డంగా పరిగెత్తేదాన్ని. ఆ మాటా చెప్పు" అంది. ఆవిడ కారు గేటు దాటగానే ఫోర్‌మన్ చెయ్యి విదిలించాడు. "జన్మలో లీకు మొహం చూడని మనిషి మాట మనకెందుకు? చూసినవాడు మనదగ్గరే ఉన్నాడుగా" అన్నాడు.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్నే నా పాఠం. ఆరు గదుల తలుపుల దగ్గరా బకెట్లో నీళ్లు, పక్కన మేకుకి తువ్వాలు. గాలి సిలిండర్లున్న మాస్కులు రెండున్నాయి గానీ అవి అటు చివర ఆఫీసు బీరువాలో ఉంటాయి, అంత దూరం ఎవరు పరిగెడతారని ఫోర్‌మన్ అంటాడు. నేను తువ్వాలు ముంచి, పిండి, చుట్టుకుని చూపిస్తాను. తర్వాత వాళ్లచేత చేయిస్తాను. మాలో ఒక పొడుగాయన ఉన్నాడు, పెట్టెలు మోస్తాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అందరికంటే ఆయనే చురుగ్గా చేస్తాడు. పదకొండు సెకన్లు. గడియారం పట్టుకుని చూశాను.

ఒకటి చెబితే నవ్వుతావు. తువ్వాలు మొహానికి తగలగానే నాకు నిజంగానే ఏదో గుర్తొస్తుంది. పొగ, అరుపులు, చేతికి వాల్వు చక్రం చల్లగా తగలడం. జరిగిందేమో అనిపిస్తుంది. నువ్వు ఇంత బాగా నేర్పావు.

ఆరో గదిలో ఒక గొట్టం అతుకు దగ్గర కొద్దిగా వాసన వస్తోంది. రిజిస్టర్లో రాశాను. మరమ్మతుకి ఆగస్టు నెలాఖరులో ప్లాంటు ఆపుతారట. అప్పటిదాకా ఏమైనా వస్తే నువ్వున్నావుగా అని ఫోర్‌మన్ నా భుజం తట్టాడు.

ఐసు పెద్దాయన్ని కలిస్తే ఏ చేత్తో తిప్పాడో కనుక్కో. ఎడమ చెయ్యి అని ఊరంతా చెప్పేశాను.

చిన్నోడు


జూలై 29

చిన్నోడా,

తువ్వాళ్లు తీయించెయ్. మాస్కులు బీరువాలోంచి తెచ్చి తలుపుల దగ్గర పెట్టించు. వాసన వస్తే లోపలికి వెళ్లొద్దని చెప్పు, నువ్వూ వెళ్లకు. ఆ ఇంజనీరమ్మ చెప్పిందే సబబు. ఆవిడ చూడకపోతే ఏం, చదువుకుంది.

పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని విన్నాను, ఏ చెయ్యి అని అడగడం కుదర్లేదు. నువ్వు కూడా ఇక అడగొద్దు.

నీ ఫోటో అమ్మ బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. పోస్టరులో నీ పక్కన ఏం రాశారో చదవమంటుంది. అది చదవను. చెప్పినట్టు చెయ్యి. ఎందుకని అడక్కు.

అక్క


ఆగస్టు 9

అక్కకి,

నన్ను పీట మీద నిలబెట్టేదీ నువ్వే, ఆ పీట లాగేసేదీ నువ్వే. చిన్నప్పట్నుంచీ ఇంతే.

సోమవారం ఆఫీసుకి ఫోన్ చేశావట. "లోపలికి వెళ్లొద్దని మా తమ్ముడితో చెప్పండి" అని పెట్టేశావట. ఫోర్‌మన్ ఆ చీటీ నా పాఠం మధ్యలో తెచ్చి అందరి ముందూ చదివాడు. "చల్లగాలికి వెళ్లొద్దంటోందయ్యా మీ అక్క, జలుబు చేస్తుందట" అన్నాడు. పదకొండుమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?

నీ భయమేమిటో నాకు తెలుసు. కథ బయటపడితే సెంటరు పేరు పోతుందని. నీ పేరు నేనెక్కడా ఎత్తలేదు, ఎత్తను కూడా. ఇరవైరెండో తారీఖు శనివారం నాకు పర్మనెంటు కాగితం ఇస్తారు. అందాకా దయచేసి ఫోన్లు చెయ్యకు.

మాస్కుల సంగతి అడిగాను. తువ్వాలు పనిచేస్తుందని నువ్వే కదా నేర్పావు, ఇప్పుడు నీకే నమ్మకం లేదా అన్నాడు ఫోర్‌మన్. ఆరో గది వాసన ఇప్పుడు తలుపు బయటికి కూడా తెలుస్తోంది. పొడుగాయన తొమ్మిది సెకన్లకి వచ్చాడు.

చిన్నోడు


ఆగస్టు 12

నాయనా,

అమ్మ పక్కగదిలో పడుకుంది. ఆవిడ లేచేలోగా ఇది రాసి పోస్టులో వేస్తాను. నువ్వు అనుకున్న భయం కాదు నాది. సెంటరు తగలబడినా నాకు ఫర్వాలేదు.

ఎనిమిదో పేజీ చివర మార్చింది నేను.

ఐసు పెద్దాయన క్లాసులో లేచి తెలుగులో చెప్పింది ఇది. గొట్టం పగిలినప్పుడు ఆయనా, ఆయన బావా తలుపు దగ్గరున్నారు. బకెట్లో రెండు తువ్వాళ్లున్నాయి. బావ ఒకటి చుట్టుకుని లోపలికి వెళ్లాడు. ఈయన పరిగెత్తాడు. తర్వాత వచ్చి చూస్తే రెండో తువ్వాలు బకెట్లో అలాగే ఉంది. బావ ఐదడుగులు కూడా వెళ్లలేదు. తువ్వాలు గడ్డకట్టి మొహానికి అంటుకుపోయిందట. విప్పబోతే రాలేదట. వాల్వు ఎవరూ కట్టలేదు. గ్యాసంతా పోయాక అదే ఆగింది. లోపల ఎవరూ బతకలేదు.

నేను ఆయనతో ఏమన్నానో తెలుసా? "పరిగెత్తాను అంటే ఎవరు పెట్టుకుంటారండీ, వెళ్లింది మీరే అని చెప్పండి" అన్నాను. బోర్డు మీద రాసి చూపించాను కూడా. లోపలున్న ఇద్దర్నీ బతికించింది నేను, సుద్దముక్కతో. ఆయన రెండు రోజులు ప్రయత్నించాడు. మూడోరోజు లేచి, "చేసింది చెబితే ఉద్యోగం రాదంటారు, చెయ్యంది చెబితే నాకు మాట రావడం లేదు మేడమ్" అని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిపోయాడు గానీ పేజీ నా దగ్గర మిగిలింది. బాగుంది కదా అని దాచుకున్నాను. నా సొంత తమ్ముడికి ఇచ్చాను.

ఇది చదివిన నిమిషమే వెళ్లి చెప్పు. పర్మనెంటు కాగితం కోసం ఆగకు. నేనెప్పుడూ లీకు చూళ్లేదు, మా అక్క నేర్పిన అబద్ధం అని చెప్పు. ఇంజనీరమ్మ అంత తేలిగ్గా అనగలిగిన మాట నువ్వెందుకు అనలేవు? ఉద్యోగం పోతే ఇంటికి రా. స్క్రూలు తిప్పుకుంటూ బతుకుదువుగాని. నా మీద ఒట్టు.

అక్క


ఆగస్టు 24

అక్కకి,

ఈరోజు సోమవారం. నేను చెబుదామనుకున్న రోజు.

నీ ఉత్తరం పదిహేడునే అందింది. చదివాను. అందిన నిమిషమే వెళ్లమన్నావు. ఐదు రోజుల్లో కాగితం చేతికొస్తుంది, వచ్చాక సోమవారం పాఠంలో అందరి ముందూ చెప్పేస్తాను, అప్పుడైతే తీసేయడానికి కాస్త ఆలోచిస్తారు అనుకున్నాను. ఐదు రోజులే కదా అనుకున్నాను.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆరో గది అతుకు ఊడింది. చప్పుడు పెద్దగా లేదు. తెల్లగా వచ్చింది, అదొక్కటీ మన కథలో ఉన్నట్టే. నేనూ పొడుగాయనా తలుపు దగ్గరే ఉన్నాం. లోపల ఇద్దరు. ఆయన నావైపు చూశాడు. నేను కదిలాను. నేనూ తువ్వాలు కోసమే వెళ్తున్నాననుకుని ఆయన తల ఊపాడు. నేను పరిగెత్తాను, అక్కా. గేటు దాకా పరిగెత్తాను. ఇంజనీరమ్మ చెప్పినట్టు గాలికి అడ్డంగానే పరిగెత్తాను.

వెళ్లొద్దు అని అరిచానా లేదా? అందరూ అడుగుతున్నారు. అరిచినట్టే గుర్తుంది. నా గొంతు నాకే వినిపించినట్టుంది. కానీ వాల్వు చక్రం చల్లదనం కూడా నాకు అలాగే గుర్తుంది కదా. ఏది జరిగిందో, ఏది బట్టీపట్టిందో తెలియకుండా పోయింది.

లోపలి ఇద్దరూ అవతలి వైపు తలుపులోంచి బయటపడ్డారు. ఎవరూ వెళ్లక్కర్లేకపోయింది. తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లిన పొడుగాయన ఒక్కడే చనిపోయాడు. ఆయన పిల్లలిద్దరూ వచ్చారు. నా పోస్టరు గోడమీద ఇంకా ఉంది, దానికిందే నిలబడ్డారు. అప్పుడు వెళ్లి చింపాను.

శనివారం ఇంజనీరమ్మ వచ్చి విచారణకి కూర్చుంది. ఇంతకుముందు లీకులో ఉన్నావా అని మళ్లీ అడిగింది. ఎప్పుడూ లేను అన్నాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క తడబడకుండా వచ్చిన మొదటి మాట అది. ఆవిడ కలం పక్కన పెట్టింది. "ఇంటర్వ్యూలో ఈ మాటే చెప్పి ఉంటే కూడా నిన్ను తీసుకునేదాన్ని. నేను తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ మాటే చెప్పారు" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

నన్ను తీసేశారు. పోలీసు స్టేషన్లో ఇంకా రెండుసార్లు చెప్పాల్సింది ఉంది, అయ్యాక వస్తాను. అమ్మకి ఏం చెబుతావో నీ ఇష్టం. కాకపోతే ఈసారి జరిగిందే చెప్పు.

ఒక్కటి అడుగుతాను. ఆ పేజీ ఎవర్నీ ముంచలేదని, తీసుకెళ్లిన ప్రతివాడూ ఉద్యోగంలో చేరాడని మొదటి ఉత్తరంలో రాశావు. ఎంతమందికిచ్చావు?

చిన్నోడు


సెప్టెంబరు 16

చిన్నోడా,

అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ ఫోటో బియ్యం డబ్బా మీంచి తీసి పెట్టెలో పెట్టింది. నన్ను మాత్రం ఇంతవరకూ పలకరించలేదు. నువ్వొస్తే పలకరిస్తుందేమో.

సెంటరు మానేశాను. వచ్చేముందు పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. నీతో కలిపి తొమ్మిదిమంది. ఆరుగురి చిరునామాలు దొరికాయి. ఆరుగురికీ ఒకటే ఉత్తరం రాశాను. ఆ కథ అబద్ధం, లోపలికి వెళ్లిన మనిషి చనిపోయాడు, మొన్న ఇంకొకాయన చనిపోయాడు, ఎవరికైనా చెప్పి ఉంటే ఈరోజే వెళ్లి కాదని చెప్పండి అని.

ముగ్గురు అందిందని రాశారు. రెండు ఉత్తరాలు అలాంటి మనిషి ఇక్కడ లేడని తిరిగొచ్చాయి. ఆరో ఆయన దగ్గర్నుంచి నిన్న జవాబు వచ్చింది. నేను రాసింది ఆయన నమ్మలేదు. తన కిందవాళ్లు ముప్పైమందికి ఇప్పటికే నేర్పానని, తువ్వాలు భేషుగ్గా పనిచేస్తుందని, తాను స్వయంగా అనుభవించి చెబుతున్నానని రాశాడు. ఏ చేత్తో వాల్వు తిప్పాడో కూడా రాశాడు. కుడిచేత్తో తిప్పాడట.

ఆయన ప్లాంటుకి రేపు పొద్దున్న బస్సులో వెళ్తున్నాను. గేటు దగ్గర ఏమడిగినా, నేనెప్పుడూ ఏ లీకూ చూళ్లేదు అన్న మాటతోనే మొదలుపెడతాను. వింటారో లేదో తెలీదు.

చిరునామా దొరకని ఇద్దరి మొహాలూ నాకు బాగా గుర్తున్నాయి. ఎక్కడ చేరారో గుర్తులేదు.

అక్క